పైన మనిషి

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొట్టమొదట పోయింది మా ఆయన గడ్డం.

పెళ్ళినాటికే ఉన్న గడ్డం అది. వాళ్ళమ్మ తిట్టినా తీయలేదు, నేను బతిమాలినా తీయలేదు. అలాంటిది ఒక సోమవారం పొద్దున్నే పెరటి గోడకు అద్దం ఆనించి, రెండు బ్లేడ్లు అరగదీసి, నున్నగా గీక్కుని వచ్చాడు. మా అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. ఆవిడకు చూపు సరిగా ఆనదు.

"ఎవరు కావాలి నాయనా?" అంది.

"నేనేనమ్మా."

"నువ్వా! ఇంత చిన్న మొహమా నీది? ఇన్నేళ్ళూ ఎంత దాచావురా!"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. "మాస్కు మొహానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదట. సందు చేసుకుని విషగాలి లోపలికొస్తుందట" అన్నాడు, ఎవరో తిట్టిన తిట్టును తిరిగి అప్పజెపుతున్నట్టు.

సంగతేమిటంటే, కాలవ పక్కన పదేళ్ళుగా మూతబడి ఉన్న తోళ్ళ కర్మాగారాన్ని శుభ్రం చేయించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లోపల పద్దెనిమిది తొట్లున్నాయి. ఒక్కోదాంట్లో మనిషి మునిగేంత నల్లటి బురద. వాన గట్టిగా పడితే అది పొంగి కాలవలో కలుస్తోంది. ఆ పనికి చుట్టుపక్కల పేటల వాళ్ళనే పెట్టుకుంటామన్నారు. అయితే ఆరు వారాల శిక్షణ పూర్తిచేసి కార్డు తెచ్చుకుంటేనే గేటు దాటనిస్తారు. నేర్చుకున్నన్నాళ్ళూ రోజుకూలీ కూడా ఇస్తారు.

మా ఆయన ఇరవై ఏళ్ళుగా తొట్లలో దిగుతున్నవాడు. హోటళ్ళ వెనకాల గుంతలు, రంగుల అద్దకం షెడ్లు, సబ్బుల కార్ఖానా, ఏది పూడుకుపోయినా కబురు ఆయనకే వచ్చేది. నడుముకో తాడు, చేతికో బకెట్టు, అంతే సరంజామా. జోడీ పొడుగన్న. అతని అసలు పేరు అడిగితే పెళ్ళాం కూడా కాస్త ఆలోచించి చెప్పేది. ఏ ఇంటికి పోయినా గుమ్మానికి నుదురు కొట్టుకోకుండా లోపలికి రాలేనంత పొడుగు. ఒకరు దిగితే ఒకరు పైన తాడు పట్టుకునేవారు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, మా ఆయన్ని బావా అనేవాడు.

"నాకు దిగడం నేర్పుతారట! రేపొచ్చి అన్నం నమలడం కూడా నేర్పుతారేమో" అని మా ఆయన విసుక్కున్నాడు గానీ, కార్డు లేకపోతే పెద్ద పని చేజారిపోతుందని చివరికి ఒప్పుకున్నాడు. పొడుగన్న ససేమిరా అన్నాడు. "చిన్నప్పుడే నాకూ బడికీ పడలేదు బావా. ఇప్పుడు కొత్తగా ఏం సఖ్యత కుదురుతుంది?" అని నవ్వేసి, పాత కంట్రాక్టరు దగ్గరే ఉండిపోయాడు.

నేను వెళ్ళింది మా ఆయన కాయితం నింపడానికి. రాతకోతల దగ్గర ఆయనకు చెమటలు పడతాయి. నేను తుక్కు కొట్లో సీసాలూ డబ్బాలూ వేరుచేసే పని చేసేదాన్ని. ఎండలు ముదరకముందే ఆ కొట్టు మూసేశారు. నా చేతిలోంచి కాయితం తీసుకున్న పెద్దమనిషి దాన్ని చదివి, "ఇంత నీటుగా రాశావు, నీ పేరేదమ్మా?" అన్నాడు. గుసగుసలా ఉంది ఆ గొంతు. ముందుకు వంగితేగాని వినపడలేదు.

"నాదెందుకండీ?"

"దిగేవాడికి పైన ఒక మనిషి కావాలి కదా" అన్నాడాయన.

అలా నేనూ చేరాను.

*

ఆ పెద్దమనిషే మాకు మేష్టారు. ఒకప్పుడు నీళ్ళ పంపుహౌసులో పనిచేసేటప్పుడు సిలిండరు లీకై గొంతు కాలిపోయిందట. అప్పటినుంచీ మాటంతా గుసగుసే. అందరం ఆయన్ని గుసగుస మేష్టారు అనేవాళ్ళం, ఆయన ఎదురుగానే. మూతబడిన బడిలో ఒక పెద్ద గది. నలభై మందిమి. మూటలు మోసినవాళ్ళు, రాళ్ళు కొట్టినవాళ్ళు, నాలుగిళ్ళలో అంట్లు తోమినవాళ్ళు. ఒకచోట పది నిమిషాలు కూర్చోవడం ఎవరికీ చేతకాదు. బల్లలు చిన్నపిల్లలవి, మోకాళ్ళు కిందపట్టక అందరం పక్కకు తిరిగి కూర్చునేవాళ్ళం. మొదటిరోజే వెనకనుంచి ఎవరో "మైకు పెట్టించండి మేష్టారూ!" అని కేకేశారు. ఆయన బోర్డు మీద ఇలా రాశాడు: "లోపల ఉన్న మనిషి గొంతు పైకి ఇంతే వినిపిస్తుంది. వినడం నేర్చుకోండి."

ఆ తర్వాత ఎవరూ మైకు అడగలేదు.

ఒకరోజు ఆయన అడిగాడు. "తొట్లో కుళ్ళిన గుడ్ల వాసనొస్తే ప్రమాదమని అందరికీ తెలుసు. కాసేపటికి వాసన ఆగిపోయింది. అప్పుడేమిటి అర్థం?"

"ప్రమాదం తప్పినట్టు" అన్నాడు మా ఆయన, తెలిసిన పాఠం కాబట్టి ధీమాగా.

"ముక్కు చచ్చిపోయినట్టు" అన్నాడు మేష్టారు. "తర్వాత వంతు మనిషిది."

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ మా ఆయన సందు మలుపులో ఆగి, "వాసన ఆగిపోయేది" అన్నాడు. "చాలాసార్లు ఆగిపోయేదే. అలవాటు పడిపోయాం అనుకునేవాళ్ళం. పొడుగు బావైతే, ఇక మనం సొంతవాళ్ళమైపోయాం దీనికి, అనేవాడు." ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

నాకైతే ఆ రోజుల్లో కాలు ఒకచోట నిలిచేది కాదు. నేర్చుకున్నదంతా ఒంట్లో ఏదో పాకుతున్నట్టుండేది. ఇంట్లో పొయ్యి వెలిగిస్తే ముందు కిటికీలు తెరిచేదాన్ని. పెరట్లో నీళ్ళ తొట్టి మూత తీస్తే వంగకుండా పక్కకు నిలబడేదాన్ని. వీధిలో మురుగుగుంత మూత ఎవరైనా తీస్తుంటే, నాకేమీ కానివాళ్ళయినా, ఆగి చూసేదాన్ని. అడగనా వద్దా అని కొట్టుమిట్టాడి, అడగకుండా వచ్చేసి, ఆ రోజంతా అదే తలుచుకునేదాన్ని.

రెండో వారంలో మేష్టారు మమ్మల్ని బడి వెనక్కు తీసుకెళ్ళాడు. మనిషి ఎత్తు సిమెంటు గొట్టాలు రెండు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి. ప్యాంటూ చొక్కా తొడిగి ఇసక నింపిన బొమ్మ అడుగున పడి ఉంది. మేష్టారు ఈల ఊది, "మనిషి పడిపోయాడు!" అన్నాడు.

ఆయన మాట పూర్తికాకముందే మా ఆయన నిచ్చెనెక్కి లోపలికి దూకాడు. ఆయన వెనక ఇంకో నలుగురు. అరుపులు, తోపులాట, బొమ్మను భుజాన వేసుకుని విజయోత్సాహంతో బయటికి రావడం. మేము చప్పట్లు కూడా కొట్టాం. మేష్టారు జేబులోంచి సుద్దముక్క తీసి, ఐదుగురి వీపుల మీదా ఒక్కో ఇంటూ గుర్తు పెట్టాడు.

"ఒకడు పడ్డాడు" అన్నాడు. "ఆరుగురు చచ్చారు."

మా ఆయనకు ఒళ్ళు మండిపోయింది. "పక్కవాడు పడితే నిలబడి చూసేవాడు మనిషేనా మేష్టారూ?"

"నిలబడి చూడమనలేదు. పైనుంచి లాగమన్నాను. గాలి పంపమన్నాను. కేకేసి మనుషుల్ని పిలవమన్నాను. దిగడం మాత్రం, వీపున గాలి సీసా ఉన్నవాడే దిగాలి."

"అంతవరకూ వాడు ఆగుతాడా?"

మేష్టారు చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "ఒక్కోసారి ఆగడు" అన్నాడు.

ఆ గుసగుస ఆ రోజు అందరికీ వినపడింది. తర్వాత పైన మనిషి గురించి చెప్పాడు. తాడు పట్టుకుని తొట్టి గట్టున ఉండే మనిషి. తను దిగకూడదు. అక్కడినుంచి కదలకూడదు. తాడు చివర మనిషి ఉన్నంతసేపూ ఆ మనిషికి వేరే లోకం లేదు. "ఈ పనికి బలం అక్కర్లేదు. కానీ చాలా కష్టం" అని, నా వైపూ నా పక్కన కూర్చున్న ఇస్త్రీ అక్క వైపూ చూశాడు. ఇస్త్రీ అక్క మా సందు చివర బట్టలు ఇస్త్రీ చేసేది. సన్నగా, చురుగ్గా ఉంటుంది. దిగడానికి తనే ముందు చెయ్యెత్తింది.

మూడో వారంలో ఊపిరి పరీక్షకు బండి వచ్చింది. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదాలి. ఎంత ఊపిరుందో మిషను చెబుతుంది. మాస్కు వేసుకుని పనిచేయాలంటే ఇంత ఊపిరి ఉండాలని లెక్కుంది. వరసలో మా ఆయన నా ముందు. ఆయన తెర వెనక్కు వెళ్ళాడు. నేను తెర ఇవతల.

"ఊదండి... ఇంకా, ఇంకా... ఇంతేనా?" అంటోంది నర్సు.

"మొత్తం ఊదేశానమ్మా."

మూడుసార్లు ఊదించింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. సగమే ఉందట. ఇన్నాళ్ళూ ఆ తొట్లలో పీల్చినదంతా లోపలే ఉందట. ఛాతీ ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చింది. ఆయన ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని, తెర పక్కకు నెట్టి నా ముందునుంచే వెళ్ళిపోయాడు. నన్ను చూడలేదు. నా వంతు వచ్చింది, వెళ్ళి ఊదాను. "మీకు భేషుగ్గా ఉంది" అంది నర్సు. ఆ మాటకు నాకెందుకో సిగ్గేసింది.

సాయంత్రం ఇంట్లో ఆయన వాళ్ళమ్మతో అన్నాడు. "మానేశానమ్మా. బొమ్మలాటలు ఆడుకునే వయసా నాది? రేపటినుంచి పొడుగు బావతో పోతాను."

"మంచిదే, గడ్డం పెంచుకో" అంది మా అత్త.

ఆయన నా వంక చూశాడు, నాకేమైనా తెలుసా అని. నేను కంచాలు కడుగుతూ ఉండిపోయాను. అప్పుడే అడిగి ఉండాల్సింది. ఆయన చెప్పుకోలేనిది నేనెలా ఎత్తను అనుకున్నాను. అలా ఒకే గదిలో, ఒకే సంగతి ఇద్దరం చెరోవైపు దాచుకుని తిరిగాం.

*

ఆ తర్వాతి మూడు వారాలూ నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పొద్దున్న ఆయన తాడూ బకెట్టూ తీసుకుని ఒకవైపు, నేను సంచీ భుజాన వేసుకుని ఒకవైపు. అక్కడ మేష్టారు గాలి కొలిచే పెట్టె గురించి చెబుతుంటే, ఆ పూట ఆయన ఏ తొట్లో ఉన్నాడో అనిపించేది. తొట్టి మూత తీసి ఎంతసేపు ఆగారో. అసలు ఆగారో లేదో. సాయంత్రం ఆయన చెప్పుల చప్పుడు సందులో వినపడేదాకా ఒక పని చేస్తూ మధ్యలో ఇంకో పని మొదలుపెట్టేదాన్ని.

ఒక సాయంత్రం ఒంటికి కట్టే పట్టీలు ఇంటికి తెచ్చుకున్నాను. భుజాల మీదుగా, తొడల చుట్టూ వేసి వీపున కొక్కెం బిగించాలి. కళ్ళు మూసుకుని కూడా చేయగలగాలని మేష్టారి ఆజ్ఞ. కట్టి చూసుకోవడానికి ఇంట్లో మా అత్త తప్ప ఎవరూ లేరు. కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు బిగిస్తున్నాను.

"ఎక్కడికి దింపుతావే నన్ను?" అంది.

"దింపడానికి కాదత్తా, పైకి లాగడానికి."

"నేను పైకి పోవడానికి ఇంత తాడెందుకే! ఇవాళో రేపో నా అంతట నేనే పోతాను కదా."

అప్పుడే మా ఆయనా పొడుగన్నా వచ్చారు. పొడుగన్న నుదురు గుమ్మానికి కొట్టుకుని, అలవాటు ప్రకారం గుమ్మాన్ని తిట్టి, మా అత్త అవతారం చూసి పడీపడీ నవ్వాడు. "చెల్లెమ్మా, నాకూ ఒకటి కుట్టించు. నా పొడుగుకు రెండు తానులు పడతాయేమో."

"అన్నా, నిజంగా అడుగుతున్నాను. దిగేముందు మీరు ఏం చూస్తారు?"

"కిందికి చూస్తాం."

"నవ్వులాట కాదన్నా. మూత తీసి గంటసేపైనా వదిలేయండి. ఒక ఫ్యానైనా పెట్టి గాలి కొట్టండి. ఆ కంట్రాక్టర్ని గాలి పెట్టె అడగండి. అడిగితే ఏం పోతుంది?"

"అడిగితే పని పోతుంది చెల్లెమ్మా" అన్నాడు పొడుగన్న. ఈసారి నవ్వలేదు.

"నీ బడి బడిలోనే పెట్టుకో" అన్నాడు మా ఆయన నాతో, గట్టిగానే. మా అత్త పట్టీల్లో ఇరుక్కుని ఇటూ అటూ చూసింది. నేను కొక్కేలు విప్పడం మొదలుపెట్టాను.

*

కార్డు వచ్చింది. ఫొటోలో నేను ఎవరినో దొంగతనం చేస్తూ పట్టుబడినట్టున్నాను. తోళ్ళ కర్మాగారంలో పనీ మొదలైంది. ఇక చెప్పబోయేది అక్కడ మూడో రోజు సంగతి. ఎండలు ఇంకా తగ్గలేదు.

తొమ్మిదో నంబరు తొట్టి. గాలి కొలిచారు, కాయితం మీద సంతకాలయ్యాయి, గాలి మిషను హోరుమని కొడుతోంది. ఇస్త్రీ అక్క తెల్లటి సూటు తొడుక్కుని, మాస్కు పెట్టుకుని దిగింది. తొట్టి మీద మూడు కాళ్ళ స్టాండు, దానికి తాడు చుట్టే చక్రం, చక్రానికి పిడి. ఆ పిడి దగ్గర నేను. మెడలో ఈల. తాడు ఒకసారి లాగితే అంతా బాగుందని, మూడుసార్లు లాగితే పైకి రమ్మనీ.

ఆ తొట్టికి ముప్ఫై అడుగుల దూరంలో కర్మాగారం కంచె, ఇనప వల. కంచెకు అవతల అద్దకం షెడ్డు పెరడు. అక్కడా ఒక తొట్టి ఉంది. తొమ్మిదిన్నరకు ఆ పెరట్లో అందరి తలలకన్నా ఎత్తున ఒక తల కనపడింది. పక్కన మా ఆయన. కంట్రాక్టరు నీడలో కుర్చీ వేసుకుని ఫోను మాట్లాడుతున్నాడు.

"చెల్లెమ్మా!" అని పొడుగన్న చెయ్యూపాడు. "ఆ టోపీలో పోలీసులా ఉన్నావు!"

నాకు చెయ్యూపడానికి లేదు. తల ఊపాను.

వాళ్ళు మూత తీశారు. ఎంతసేపు ఆగుతారా అని చూశాను. ఆగలేదు. పొడుగన్న తాడు నడుముకు కట్టుకోను కూడా లేదు. లోతు లేదు, మెడవరకే, అన్నట్టు చేత్తో చూపించి దిగాడు. మా ఆయన బకెట్టు తాడు పట్టుకున్నాడు. ఒక బకెట్టు పైకొచ్చింది. రెండోది వచ్చింది. మూడోది కిందికెళ్ళింది.

"బావా" అన్నాడు మా ఆయన. తర్వాత వంగి, "బావా!" తర్వాత ఇంకా వంగి, "ఒరే బావా!"

నేను ఈల అందుకుని మూడు పొడుగాటి ఊదులు ఊదాను. గాలి సీసాల జట్టు ఆ రోజు కర్మాగారం ఆ చివర పదహారో తొట్టి దగ్గర ఉంది. వాళ్ళు పరిగెత్తుకొచ్చినా నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఈల మోగితే తొట్లో మనిషిని ఉంచకూడదని నియమం, అక్క తాడును మూడుసార్లు లాగాను. ఆమె లాగింది, వస్తున్నానని. పిడి తిప్పడం మొదలుపెట్టాను. మనిషి బరువు అది. రెండు చేతులూ పడతాయి.

మా ఆయన చొక్కా విప్పేశాడు.

"దిగకు!" అని అరిచాను. "దిగకయ్యా! మావాళ్ళొస్తున్నారు!"

ఆయన తొట్టి అంచున కూర్చున్నాడు. కాళ్ళు లోపలికి వేశాడు. నా మాట వినపడిందో లేదో తెలియలేదు. పని మనుషులు ఇద్దరు ముగ్గురు చేరి అరుస్తున్నారు, కంట్రాక్టరు కుర్చీలోంచి లేచాడు. కంచె దగ్గరికి పరిగెడితే వల పట్టుకుని ఇంకా గట్టిగా అరవచ్చు. ముప్ఫై అడుగులు. పిడి వదలాలి.

వదల్లేదు. తిప్పుతూనే ఉన్నాను. తిప్పుతూ అరిచాను.

"నీకు ఊపిరి చాలదయ్యా! సగమే ఉంది! నాకు తెలుసు, ఆ రోజు తెర ఇవతల నేనే ఉన్నాను!"

ఆయన వెనక్కు తిరిగి చూశాడు.

అక్కడున్న అందరూ నా వంక చూసి, తర్వాత ఆయన వంక చూశారు. ఆయన మొహం నాకు బాగా కనపడింది. కోపం కాదు అది. బట్టల్లేకుండా నిలబెడితే ఉండే మొహం. రెండు చేతులూ తొట్టి అంచు మీద ఆనించి, కాళ్ళు లోపలికి వేలాడేసి, అలాగే నా వైపు చూస్తూ ఉండిపోయాడు.

నా చేతుల్లో పిడి తిరుగుతూనే ఉంది. ఇస్త్రీ అక్క టోపీ, తర్వాత భుజాలు, తర్వాత మోకాళ్ళు పైకొచ్చాయి. కొక్కెం విప్పాను. గట్టు మీద కూర్చోబెట్టాను. అప్పుడు పరిగెత్తాను.

నేను కంచె చేరేసరికి గాలి సీసాల జట్టు వచ్చి కత్తెర్లతో వల కత్తిరిస్తోంది. ఒకతను సీసా వీపున వేసుకుని దిగాడు, ఇద్దరు గాలి గొట్టం లోపలికి తోశారు. పొడుగన్నను పైకి లాగారు. ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. లాగుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాడు. గుండె మీద ఒత్తారు. ఒకటికి పదిసార్లు ఒత్తారు. చివరికి దగ్గాడు. ఆంబులెన్సు ఎక్కించేటప్పుడు ఊపిరి ఉంది.

మా ఆయన తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు, చొక్కా ఒళ్ళో పెట్టుకుని. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

*

మూడో రోజు పొడుగన్న పోయాడు.

అతని పెళ్ళాం, మా వదిన, ఏడవడం అయిపోయాక మా ఆయన్ని పిలిచింది. ఇంటినిండా జనం. గుమ్మంలో నిలబడ్డాడు ఆయన, లోపలికి రాకుండా.

"నువ్వు పైనే ఉన్నావట కదా అన్నయ్యా" అంది. "ఎందుకు దిగలేదు?"

ఆ ప్రశ్నలో నింద కూడా లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. జనం చూస్తున్నారు. ఆయన చెయ్యి గుమ్మం పక్క గోడ మీద తడుముతోంది.

"నేను ఆపాను వదినా" అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. నేను చెప్పదలుచుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి: దిగి ఉంటే రెండు శవాలు వచ్చేవని, ముక్కు ముందు చచ్చిపోతుందని, సుద్ద గుర్తులని. ఏదీ ఆ గదిలో చెప్పే మాట కాదు.

"సరేలే" అంది వదిన. "నీ మొగుడు నీకున్నాడు."

అద్దకం షెడ్డుకు సీలు వేశారు. కంట్రాక్టరు మీద కేసు పెట్టారు. కొన్నాళ్ళు కనపడకుండా పోయి, మళ్ళీ కనపడ్డాడు. గుసగుస మేష్టారు ఒకరోజు తొమ్మిదో తొట్టి దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నువ్వు తప్పు చేయలేదమ్మా" అన్నాడు. నాకు ఇంకో మాట ఏదో కావాలనిపించింది. ఆయన దగ్గర కూడా లేదు అది.

ఇంట్లో మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. పోట్లాట కాదు. నీళ్ళు పట్టేవాడు, కూర తరిగేవాడు, వాళ్ళమ్మకు కళ్ళలో మందు వేసేవాడు. నేను పనినుంచి వచ్చేసరికి వంట అయి ఉండేది. నాకేదైనా చెప్పాలంటే వాళ్ళమ్మకు చెప్పేవాడు. మా అత్త మధ్యలో కూర్చుని అటుమాట ఇటూ ఇటుమాట అటూ చేరవేసి, ఒకరోజు విసిగిపోయి, "నా వల్ల కాదు. చెవుడు కూడా వచ్చిందనుకోండి నాకు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ వారమే ఒక ఉదయం, నేను చెప్పులేసుకుంటుంటే, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"ఇవాళ సెలవు పెట్టగలవా?" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

ఛాతీ ఆసుపత్రిలో మాకన్నా ముందు చాలామంది ఉన్నారు. వసారాలో పొడుగాటి బెంచీ ఒకటి. దగ్గేవాళ్ళు దగ్గుతున్నారు, మిగతావాళ్ళు దగ్గు ఆపుకుంటున్నారు. ఆయనకు బెంచీ చివర చోటు దొరికింది. నేను పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. గంట గడిచింది. కిటికీలోంచి ఒకావిడ నంబర్లు పిలుస్తోంది, మాది దగ్గర్లో లేదు.

"ఒకటి అడుగుతాను" అన్నాడు, ఎదురుగోడను చూస్తూ. "నన్ను ఏమార్చకు."

"అడుగు."

"నేను దిగిపోయి ఉంటే... పిడి వదిలేసి వచ్చేదానివా?"

అబద్ధం ఆడటం తేలికే. ఆయన కూడా నమ్మేవాడు, నమ్మాలనే ఉంది కాబట్టి. నేను ఆ తొమ్మిదో తొట్టి గట్టున ఎన్ని పూటలు నిలబడి అదే అడుక్కున్నానో ఆయనకు తెలియదు.

"వచ్చేదాన్ని కాదు" అన్నాను. "ఇస్త్రీ అక్క కింద ఉంది."

ఆయన తల ఆడించాడు. పక్కన ఎవరో ముసలాయన దగ్గుతెర ఆగేదాకా ఆగాడు.

"నేనైతే వచ్చేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు. అందుకే అరిచాను."

కిటికీ దగ్గర ఇంకో నంబరు పిలిచారు. ఒకావిడ లేచి, కాయితాలు కిందపడితే ఏరుకుని, లోపలికి వెళ్ళింది. ఆయన ఇంకా గోడనే చూస్తున్నాడు. కాసేపటికి పక్కాయన్ని కొంచెం జరగమని, తనూ జరిగి, బెంచీ చివర జానెడు చోటు చేశాడు.

"కూర్చో" అన్నాడు. "మన వంతు రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది."